ముప్పాతిక బిస్కెట్టు

ఖాళీ బస్సు, నాలుగో వరస సీటు
జూన్ 9

మా పిడుగుకి,

నేను కులాసా. మీ పిన్ని కూడా కులాసాగానే ఉన్నట్టుంది, రోజుకు నాలుగుసార్లే తిడుతోంది. నువ్వు మీ ఫ్యాక్టరీ నుంచి పంపిన బిస్కెట్ల పెట్టె అందింది. అరవై ప్యాకెట్లు! బస్సులో నా సీటు వెనక దాచాను. మా ఆయమ్మ వాసన పట్టి అప్పుడే రెండు పట్టుకుపోయింది. పిల్లల్ని ఎక్కించి దింపడానికి పెట్టిన మనిషి ఆవిడ, నా డబ్బాల మీదే ఎక్కువ కన్ను.

ఫోను చెయ్యకుండా ఈ ఉత్తరం ఏమిటంటావా? మా స్కూలు వాళ్ళు డ్రైవర్ల ఫోన్లన్నీ గేటు దగ్గర ఇనప డబ్బాలో వేయించి తాళం పెడుతున్నారు. ఇంటికెళ్ళి చేద్దామంటే మీ పిన్ని చెవి నా చెవి పక్కనే ఉంటుంది. పొద్దున పిల్లల్ని దింపిన దగ్గర నుంచి మధ్యాహ్నం మూడు దాకా ఖాళీ బస్సు, ఖాళీ నేను. అందుకని కాగితం తీశాను. నువ్వు కూడా జవాబు స్కూలు చిరునామాకే రాయి. ఇంటికి వద్దు.

ఈ మధ్య నాకో కొత్త పిచ్చి పట్టింది. ప్యాకెట్ల వెనక రాసింది చదవడం. పిన్ని పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణం నుంచి భూతద్దం ఒకటి తెచ్చుకున్నాను. "దేనికి?" అంది. "ఇంజన్లో సన్న పగులు వచ్చినట్టుంది, చూసుకోవాలి" అన్నాను. నమ్మింది పాపం.

నిన్న ఒక పండ్ల రసం డబ్బా పట్టుకున్నాను. ముందువైపు నారింజలు ఒకదాని మీద ఒకటి దొర్లుతున్నాయి. వెనక చూస్తే పండ్ల రసం నాలుగు శాతం. మిగతాది నీళ్ళు, చక్కెర, ఆ తర్వాత నా బస్సు నంబరు లాంటి అంకెలు. సూపు ప్యాకెట్టు మీద కోడి బొమ్మ ఉంది. లోపల కోడి లేదు, "కోడి రుచికి దగ్గరగా ఉండే పదార్థం" ఉందట. ఎంత దగ్గరగా? పక్కింట్లోనా, పక్క ఊళ్ళోనా? ఇక చక్కెర సంగతి చెప్పక్కర్లేదు. గ్లూకోజ్ సిరప్ అంటాడు ఒకడు, డెక్స్‌ట్రోజ్ అంటాడు ఇంకొకడు, మాల్ట్ సారం అంటాడు మరొకడు. పోలీసుల కళ్ళుగప్పి ఊరికో పేరుతో తిరిగే దొంగలా ఉంది దాని వ్యవహారం.

వీళ్ళందరిలో మర్యాదస్తురాలు నీ బిస్కెట్టు ఒక్కటే. ముందువైపే పెద్ద అక్షరాల్లో "చక్కెర 2 గ్రాములే" అని ఉంది. భూతద్దంతో పనే లేదు. కాకపోతే ఆ రెండు పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఉంది. దాని తాలూకు సంగతి ప్యాకెట్టంతా తిప్పినా దొరకలేదు. వెనక పట్టికలో "ఒక సర్వింగుకు" అని మాత్రం ఉంది. సర్వింగు అంటే ఎంత? ఆ లేబుళ్ళు వేసేది నువ్వే కదా, నీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

నీ బాబాయి


లేబుళ్ళ గది, రెండో అంతస్తు
జూన్ 17

బాబాయ్,

నీ ఉత్తరం గది మొత్తానికి చదివి వినిపించాను. పక్కింటి కోడి దగ్గర అందరూ పొట్ట పట్టుకున్నారు. మా మేనేజరు మాత్రం నవ్వలేదు. ఆయనకు మేం పెట్టిన పేరు చీమ. మనిషి ఆరడుగులు ఉంటాడు, కానీ అక్షరం చీమ కన్నా పెద్దదైతే ఒప్పుకోడు. అక్షరాల ఎత్తు కొలవడానికి స్టీలు స్కేలు ఎప్పుడూ జేబులో ఉంటుంది. పెన్ను ఉండదు.

నీకు చెప్పలేదు కదూ, నాకు ప్రమోషన్ వచ్చింది. నీకు పంపిన ఆ "తేలిక" బిస్కెట్ల ప్యాకెట్టు మొత్తం, ముందూ వెనకా, నేనే పేర్చాను. దానికి మెచ్చి లేబుళ్ళ గదికి నన్ను బాధ్యురాలిని చేశారు. గుండ్రంగా తిరిగే కుర్చీ ఇచ్చారు. మొదటి రోజు కళ్ళు తిరిగేదాకా తిరిగాను. నువ్వు బస్సు ముందు సీట్లో కూర్చోబెట్టుకుని షాపుల బోర్డులు చదివించకపోతే నాకీ ఉద్యోగం ఎక్కడిది? పిన్నికి చెప్పు, పక్కింటి వాళ్ళకు చెప్పు, ఆయమ్మకు కూడా చెప్పు.

సర్వింగు అంటే ఒకసారికి తినేంత అనుకో. అదో లెక్క, దాని గురించి బుర్ర పాడుచేసుకోకు. అయినా బోర్డులూ పేపరూ వదిలేసి ప్యాకెట్ల వెనక పడ్డావేమిటి? పిన్ని వంట మానేసిందా?

నీ పిడుగు


ఖాళీ బస్సు
జూలై 2

పిడుగూ,

నీ కుర్చీ సంగతి చదివి స్కూల్లో అందరికీ చెప్పాను. ఇప్పుడు నీ ప్యాకెట్టు ఒకటి అద్దం ముందు పెట్టుకుని బండి నడుపుతున్నాను. ఎవరైనా అడిగితే "మా అమ్మాయి వేసింది" అంటున్నాను. అడగకపోయినా అంటున్నాను.

వంట మానలేదు గానీ ఇంకో సంగతి ఉంది. నీకొక్కదానికే చెబుతున్నాను. జూన్ మొదట్లో స్కూలు వాళ్ళు డ్రైవర్లందరికీ పరీక్షలు చేయించారు. నాకు షుగరు ఉందట. మూడు నెలల సగటు తొమ్మిదిన్నరకు దగ్గరగా వచ్చింది. స్కూలు నియమం ప్రకారం అది ఎనిమిదికి దిగాలి. సెప్టెంబరు మొదటి వారంలో మళ్ళీ చూస్తారు. దిగితే సరే. లేకపోతే బస్సు తాళాలు ఇచ్చెయ్యాలి.

మీ పిన్నికి చెప్పలేదు. చెబితే నేను బతికుండగానే సంతాప సభ పెడుతుంది.

పందొమ్మిదేళ్ళ నుంచి ఇదే పని చేస్తున్నాను పిడుగూ. నలభై మూడు మంది పిల్లలు, ఇరవై రెండు స్టాపులు. ఏ స్టాపులో ఎవరు బూట్లు చేత్తో పట్టుకుని పరిగెత్తుకొస్తారో, ఎవరి అమ్మ కిటికీలోంచి "ఒక్క నిమిషం" అని అరుస్తుందో నాకు తెలుసు. బస్సు దిగి నేను చేసేదేమీ లేదు. చాలా భయంగా ఉంది. ఈ మాట కూడా నీతోనే అంటున్నాను.

అయినా నువ్వు దిగులు పెట్టుకోకు. భూతద్దం పిచ్చి అంతా ఇందుకే. టీలో రెండు చెంచాల చక్కెర వేసుకునేవాడిని, పూర్తిగా మానేశాను. మిఠాయిలు మానేశాను. పండ్ల రసం మానేశాను. తీపి అంటే నాకు మిగిలింది నీ బిస్కెట్లే. నువ్వు చెప్పినట్టే, ఒకసారికి తినేంత. పదకొండింటికి ఒక ప్యాకెట్టు, పిల్లల్ని ఎక్కించుకునే ముందు ఒక ప్యాకెట్టు. రెండూ రెండూ నాలుగు. రోజు మొత్తానికి నాలుగు గ్రాములు! ఇంతకన్నా కట్టుదిట్టంగా ఎవడుంటాడు? డాక్టరు కూడా నా క్రమశిక్షణ చూసి సిగ్గుపడాలి.

ఈ నెల పెట్టె కాస్త ముందుగా పంపు.

నీ బాబాయి


లేబుళ్ళ గది
జూలై 10

బాబాయ్,

నువ్వు ఇంత పెద్ద విషయం ఇన్నాళ్ళూ దాచావా? ముందు పిన్నికి చెప్పు. సంతాప సభ పెడితే పెట్టనీ, నీకు ఏం వండాలో ఆమెకు తెలియాలి కదా.

ఇంకో మాట. ఆ బిస్కెట్లు మానెయ్. పూర్తిగా మానెయ్. వాటిలో నూనె మంచిది కాదని ఇక్కడ అనుకుంటున్నారు. పిండి కూడా ఈ మధ్య సరిగ్గా రావడం లేదట. ఆకలేస్తే ఉడకబెట్టిన గుడ్డు తిను, దోసకాయ ముక్కలు తిను. మరీ తినాలనిపిస్తే ఒక బిస్కెట్టు తిను. ఒకటంటే ఒకటే, ప్యాకెట్టు కాదు.

ఈ నెల పెట్టె పంపడం లేదు. సరుకు తక్కువగా ఉందట. పని ఎక్కువగా ఉంది, ఇంతటితో ఆపుతాను.

పిడుగు


ఖాళీ బస్సు
జూలై 22

పిడుగూ,

తిరిగే కుర్చీ ఎక్కగానే పిసినారివైపోయావేం? సరుకు తక్కువా? మా స్కూలు పక్క కొట్లో నీ బిస్కెట్లు గోడ కట్టినట్టు పేర్చి ఉన్నాయి. అక్కడే కొనుక్కుంటున్నాను. నూనె మంచిది కాదు, పిండి మంచిది కాదు అంటూ నీళ్ళు నములుతున్నావు. సొంత సరుకును ఇలా తిట్టుకునే మనిషిని నిన్నే చూశాను. ముసలి బాబాయి నోటి దగ్గర ఆ ఒక్క తీపి ముక్కా ఉంటే నీకేమిటమ్మా కష్టం?

దోసకాయ తిన్నాను. నీళ్ళు నమిలినట్టే ఉంది. ఆ విద్య నీకే బాగా వచ్చు.

నేను మాటలు చెప్పే రకం కాదని నీకు తెలుసు. అందుకే రుజువులతో సహా పంపుతున్నాను. ఈ ఇరవై రోజుల్లో తిన్న ప్యాకెట్ల కాగితాలు, నలభై. ఒక్కొక్కటీ దులిపి, సాపు చేసి, సీటు కింద పట్టా వేసి నొక్కి ఉంచాను. ప్రతిదాని మీదా తేదీ రాశాను. ఒక్కటి కూడా ఎక్కువ తినలేదు. సెప్టెంబరులో డాక్టరు ముందు వీటిని పెట్టి "ఇదిగో నా నాలుగు గ్రాములు, నోరెత్తండి చూద్దాం" అంటాను. నువ్వు ఒకసారి సరిచూసి తిరిగి పంపు. ఆయమ్మవి ఇందులో కలపలేదు. ఆవిడ సన్నబడటానికి తింటోందట, రోజుకు ఒకటి.

నీ బాబాయి


లేబుళ్ళ గది, అందరూ భోజనానికి వెళ్ళాక
జూలై 30

బాబాయ్,

నీ నలభై కాగితాలూ మా గాజు బల్ల మీద పరిచాను. కింద నుంచి వెలుగు వచ్చే బల్ల అది, అచ్చులో తప్పులు పట్టుకోవడానికి వాడతాం. నలభైటికీ పై అంచు లేదు. ఎడమ మూల నుంచి కుడికి, ఒకే చోట చిరిగి ఉన్నాయి. ఒక్కటి కూడా తప్పలేదు.

నువ్వు అడిగిన నక్షత్రం సంగతి ఆ అంచు మీద ఉంది. అక్కడ పెట్టింది నేను.

ఎలాగో చెబుతాను. ఒక బిస్కెట్టులో చక్కెర రెండున్నర గ్రాములకు పైనే ఉంది. ఉన్నది ఉన్నట్టు వేస్తే ముందువైపు మూడు అని వెయ్యాలి. అమ్మకాల వాళ్ళకు రెండు కావాలి. చీమ కాలిక్యులేటరు నొక్కీ నొక్కీ ముప్పాతిక బిస్కెట్టు దగ్గర ఆగాడు. సరిగ్గా రెండు వచ్చింది. అందుకని "తేలిక"కు ఒక సర్వింగు అంటే ముప్పాతిక బిస్కెట్టు. బిస్కెట్టును ముప్పాతిక దగ్గర కొరికి పావు పక్కన పెట్టే మనిషిని నువ్వెక్కడైనా చూశావా? మేమూ చూడలేదు. బల్ల చుట్టూ కూర్చుని పగలబడి నవ్వాం.

ఆ సంగతి ఎక్కడో ఒకచోట రాసి తీరాలి. "రాద్దాం, కానీ ఎవరికీ అడ్డం రాకూడదు. ఎక్కడ పెడదాం?" అన్నాడు చీమ. ఒకరు అతుకు కింద అన్నారు. ఇంకొకరు ధర పక్కన అన్నారు. నేను చెయ్యెత్తాను. "చించే చోట పెడదాం సార్. పై అంచున రంపపు పళ్ళు ఉంటాయి కదా, దాని కిందే. కొనేటప్పుడు ఎవరూ అక్కడ చూడరు. తినేటప్పుడు ముందు పారేసేది అదే" అన్నాను. చప్పట్లు కొట్టారు బాబాయ్. కుర్చీ ఇచ్చింది ఆ మాటకే.

ఇప్పుడు అసలు లెక్క. ప్యాకెట్టుకు పన్నెండు బిస్కెట్లు, పదహారు సర్వింగులు, ముప్పై రెండు గ్రాముల చక్కెర. నువ్వు రోజుకు రెండు ప్యాకెట్లు తింటున్నావు. అరవై నాలుగు గ్రాములు. చెంచాకు నాలుగు గ్రాములు వేసుకుంటే పదహారు చెంచాలు. టీలో రెండు చెంచాలు మానేసి పదహారు చెంచాలు మొదలుపెట్టావు.

జూన్‌లో నువ్వు అడిగినప్పుడు నీకు జబ్బని నాకు తెలియదు. తెలియకపోయినా నిజం చెప్పి ఉండాల్సింది. ప్రమోషన్ సంగతి రాసిన కాగితం మీదే ఈ సంగతీ రాయడానికి సిగ్గేసింది. తర్వాత తెలిసింది. అప్పుడూ నూనె అన్నాను, పిండి అన్నాను. అందుకు నా దగ్గర సాకు లేదు. నీ ముందు మంచిదానిలా ఉండాలనుకున్నాను, అంతే.

ఈ రోజే మానెయ్. నన్ను తిట్టు.

పిడుగు


ఒక వినియోగదారుడి నుంచి
ఆగస్టు 8

లేబుళ్ళ గది బాధ్యురాలు గారికి,

అమ్మా,

తమరు జూలై 30న రాసిన లేఖ అందినది. తమ ఉత్పత్తిలో సర్వింగు అనగా ఎంత అని జూన్ 9న నేను లిఖితపూర్వకంగా అడిగియున్నాను. "ఒకసారికి తినేంత అనుకో" అని జూన్ 17న తమరు లిఖితపూర్వకంగా సెలవిచ్చినారు. ఆ లేఖ నా వద్ద భద్రముగా ఉన్నది.

తమ ఉత్పత్తిని వాడుట నిలిపివేసినాను. మా ఆయమ్మ గారు రెండు నెలల్లో మూడు కిలోలు పెరిగినారు. వారు కూడా తమపై ఆగ్రహముగా ఉన్నారు.

నా నలభై కాగితములు నాకు తిరిగి పంపనక్కర్లేదు.

ఇట్లు,
వినియోగదారుడు


లేబుళ్ళ గది
ఆగస్టు 16

బాబాయ్,

ఫిర్యాదులకు జవాబు రాసే నమూనా మా దగ్గర ఉంటుంది. "మీ అమూల్యమైన అభిప్రాయానికి ధన్యవాదాలు. మీ సంతృప్తే మా ధ్యేయం." అది రాసింది కూడా నేనే. నీ ఉత్తరం పక్కన పెట్టుకుని దాన్ని మళ్ళీ చదివితే నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఎన్ని తిట్లైనా తిట్టు. నన్ను "తమరు" అనకు. నాకు ఊహ తెలిసిన దగ్గర నుంచి నువ్వు నన్ను అలా పిలవలేదు. గాడిదా అను, ఊరుకుంటాను.

సెప్టెంబరు పరీక్షకు మూడు వారాలే ఉంది. మూడు నెలల సగటు మూడు వారాల్లో దిగదని ఇక్కడి డాక్టరును అడిగి తెలుసుకున్నాను. నీ బస్సు పోతే అది నా వల్ల పోయినట్టు. ఆ మాట నువ్వు అనకముందే నేను అంటున్నాను. పిన్నికి ఇప్పుడైనా చెప్పు. ఒంటరిగా మొయ్యకు.

నేను ఏదో ఒకటి చేస్తాను. ఏం చేస్తానో ఇంకా తెలియదు.

పిడుగు


గేటు గది, కిటికీ పక్క బల్ల
సెప్టెంబరు 6

గాడిదా,

అనమన్నావు కాబట్టి అన్నాను.

పరీక్ష అయింది. పది దాటింది. డాక్టరు కాగితం చూసి, నన్ను చూసి, "ఏం తింటున్నారండీ?" అన్నాడు. ఏమని చెప్పను? మా అమ్మాయి చేతి పని అని చెప్పనా? తాళాలు ఇచ్చేశాను. డిసెంబరులో ఇంకొకసారి చూస్తారట. అప్పటిదాకా గేటు గదిలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళ చీటీల మీద ముద్ర కొడుతున్నాను. కిటికీలోంచి నా బస్సు కనిపిస్తుంది. కొత్తవాడు క్లచ్ మీద నుంచి కాలు తియ్యడు. బస్సు మూలుగుతూ మలుపు తిరుగుతుంటే నా మోకాలికి నొప్పి పుడుతోంది. మొన్న పదకొండో స్టాపులో ఆ రెండు జడల పిల్లను ఎక్కించుకోకుండానే వచ్చేశాడు. అక్కడ ఒక్క నిమిషం ఆగాలని వాడికి ఎవరు చెబుతారు? ఆ రోజు ముద్ర కొట్టే బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. ఆయమ్మ చూసి కూడా చూడనట్టు వెళ్ళిపోయింది. ఆవిడలో నాకు మొదటిసారి మంచితనం కనిపించింది.

నీ మాట విని పరీక్షకు ముందే పిన్నికి చెప్పాను. సంతాప సభ పెట్టలేదు. అంతా విని, మొట్టమొదట అడిగిన మాట: "అయితే ఇంజన్లో పగులు?" తర్వాత మూడు గంటలు మాట్లాడలేదు. ఆ తర్వాత మూడు రోజులు ఆపకుండా మాట్లాడింది. ఇప్పుడు వంటగది ఆవిడ చేతిలో, భూతద్దం ఆవిడ చేతిలో. నేను ఏం తినాలన్నా ముందు ఆవిడ చదవాలి. ఇద్దరం సాయంత్రం గంటసేపు నడుస్తున్నాం. ఆవిడ ముందు, నేను వెనక.

నాకు కోపం పోలేదు. పోయిందని రాయడం నాకు రాదు. నీకు అక్షరాలు నేర్పేటప్పుడు షాపుల మీద ఉన్న పెద్ద పెద్ద బోర్డులు చూపించాను. దూరం నుంచి వచ్చేవాడికి కూడా కనబడాలని రాసిన అక్షరాలవి. కనబడకుండా రాయడం నేను నేర్పలేదు. అది ఎక్కడ నేర్చుకున్నావో నాకు తెలియదు.

నువ్వు తిన్నావా లేదా, ఒంట్లో ఎలా ఉంది, అదైనా రాయి.

బాబాయి


కార్టన్ల షెడ్డు, కింది అంతస్తు
అక్టోబరు 3

బాబాయ్,

పైన చిరునామా మారింది చూశావా? నా కుర్చీ పోయింది. మొదటి నుంచీ చెబుతాను.

పోయిన నెల చీమ రెండు రోజులు ఊళ్ళో లేడు. కంపెనీ ఆయన్ను ఒక శిక్షణ తరగతికి పంపింది. నేను కల్పించి చెప్పడం లేదు, ఆ తరగతి పేరు "లేబుళ్ళలో స్పష్టత". ఆయన లేనప్పుడు అచ్చుకు వెళ్ళే నమూనా మీద సంతకం నాది. ఆ రెండు రోజుల్లోనే "తేలిక" కొత్త కాగితాలు అచ్చుకు వెళ్ళాలి. నేను పై అంచున ఉన్న వరుసను అక్కడి నుంచి తీశాను. ముందువైపు ఆ రెండు కిందే పెట్టాను. రెండు ఎంత పెద్దగా ఉందో అంత పెద్దగా. "ముప్పాతిక బిస్కెట్టుకు 2. ప్యాకెట్టు మొత్తానికి 32." అబద్ధం ఒక్క ముక్క లేదు. వాళ్ళ మాటే, చోటు మార్చాను. సంతకం పెట్టి పంపాను. తొంభై వేల కాగితాలు అచ్చయ్యాయి.

చీమ తిరిగొచ్చి స్టీలు స్కేలు తీశాడు. అక్షరం ఎత్తు స్కేలు మీద ఎంతదాకా వచ్చిందో చూసి, నమ్మకం కుదరక ఇంకోసారి కొలిచాడు. తర్వాత చాలా తిట్టాడు. "దీన్ని ఎవరు కొంటారు?" అన్నాడు. "చదివినవాళ్ళు ఒకటి తింటారు సార్" అన్నాను. పెద్దవాళ్ళను పిలిచారు. వాళ్ళు తిప్పి తిప్పి చూశారు. అందులో తప్పు ఏముందని నన్ను పనిలోంచి తీసేస్తారు? కాగితాలు పారేయడానికి వాళ్ళకు మనసొప్పలేదు. అవి అయిపోయేదాకా వాడి, తర్వాత పాత పద్ధతిలోనే వేస్తారట. నన్ను మాత్రం కిందికి దింపారు. ఇప్పుడు కార్టన్ల మీద "ఈ వైపు పైకి" అని బాణం గుర్తు అంటిస్తున్నాను. జానెడు పొడవు బాణం. దూరం నుంచి వచ్చేవాడికి కూడా కనబడుతుంది.

నేను బాగానే ఉన్నాను, తింటున్నాను. కుర్చీ లేదని నడుము కాస్త నొప్పి. తొంభై వేల కాగితాలకు నీ బస్సు తిరిగి రాదని నాకు తెలుసు. నీ క్షమాపణ కోసం చేశానని అనుకోకు. నీ నలభై కాగితాలూ పైన నా బల్ల సొరుగులో ఉండేవి. రోజూ సొరుగు తీసినప్పుడల్లా కనిపించేవి. ఇక చూడలేకపోయాను.

పిన్నిని నడకలో కాస్త మెల్లగా నడవమను.

నీ పిడుగు


బస్సు, డ్రైవరు సీటు
డిసెంబరు 12

పిడుగూ,

పై వరుస మళ్ళీ చదువు. డ్రైవరు సీటు.

ఏడున్నర వచ్చింది. డాక్టరు రెండుసార్లు చూశాడు. "ఏం చేశారండీ?" అన్నాడు. "మా ఇంట్లో ఒకావిడ చదువుతుంది, నేను వింటాను" అన్నాను. సోమవారం తాళాలు ఇచ్చారు. కొత్తవాడు సీటును అద్దానికి అతికించినంత ముందుకు జరిపి పెట్టాడు, సరిచేసుకోవడానికి పావుగంట పట్టింది. పదకొండో స్టాపులో ఒక నిమిషం ఆగాను. రెండు జడల పిల్ల ఎక్కి, నన్ను చూసి, "ఎక్కడికి పోయారు అంకుల్, నేను ఎన్నిసార్లు పరిగెత్తానో తెలుసా?" అని నా మీదే విసుక్కుంది. ఎంత బాగుందో చెప్పలేను. ఆయమ్మ రెండు కిలోలు తగ్గింది. మూడో కిలో నీ ఖాతాలోనే ఉంచానంటోంది.

నిన్న స్కూలు పక్క కొట్లో నీ కొత్త ప్యాకెట్టు కనబడింది. రోడ్డుకు ఇవతల నుంచే చదివాను. భూతద్దం లేదు, కళ్ళజోడు కూడా జేబులోనే ఉంది. ముప్పై రెండు. కొట్టువాడు విసుక్కుంటున్నాడు, "ఏంటోనండీ, జనం చదివి మళ్ళీ అక్కడే పెట్టేస్తన్నారు" అని. నేను ఒకటి కొన్నాను. ఇంటికి తెచ్చి పిన్ని ముందు పెట్టాను. ఆవిడ చదివి, నన్ను చూసి, మళ్ళీ చదివి, "దీనికా పిల్ల కుర్చీ పోగొట్టుకుంది?" అంది. తర్వాత చాలాసేపు కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది.

ప్యాకెట్టు చించలేదు. పిన్ని కింది వైపు నుంచి కత్తెరతో కత్తిరించింది, నీ అక్షరాలకు తగలకుండా. కాగితం సాపు చేసి అద్దం ముందు పెట్టుకున్నాను. పాతది తీసేశాను. ఎవరైనా అడిగితే మళ్ళీ మొదటి మాటే చెబుతున్నాను, మా అమ్మాయి వేసింది అని.

ఒక బిస్కెట్టు తింటానని అడిగాను. "ముప్పాతిక" అంది మీ పిన్ని. కళ్ళజోళ్ళ దుకాణంలో రెండు కళ్ళ మధ్య దూరం కొలిచే చిన్న స్కేలు ఉంటుంది. అది పెట్టి కొలిచి, గీత గీసి, కత్తితో కోసింది. నాలుగు నెలల తర్వాత తీపి. మెల్లగా తిన్నాను. మీ కంపెనీ చెప్పిన సర్వింగును చెప్పినట్టు తిన్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను, మీ చీమతో చెప్పు.

మిగిలిన పావు ముక్క ఈ కవరులో పెట్టాను. దారిలో పొడి అయిపోతుంది. దులిపి పారెయ్యకు. వేలితో అద్దుకుని తిను. అది నీ వంతు.

నీ బాబాయి